చాయ్‌కు ముందు

ఆరేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. నాలుగే నాలుగు మాటల అబద్ధం. నేనెవరో మీకు తెలియదు, మీరెవరో నాకు తెలియదు. అందుకే చెప్పగలుగుతున్నాను.

నా కూతురు సరిత తొలి కాన్పుకు అత్తగారి ఊరు మంచాల నుంచి ఇబ్రహీంపట్నంలోని మా ఇంటికి వచ్చింది. అప్పుడు ఏడో నెల. ఆమెకు థైరాయిడ్ తక్కువ. రోజూ పరగడుపున ఒక చిన్న గోలీ వేసుకోవాలి. ఆ సంగతి నేను చూసుకుంటానన్నాను. ముగ్గురు పిల్లల్ని పెంచినదాన్ని, గోలీ ఇవ్వడం నాకొకరు నేర్పాలా? అంత పొగరు ఉండేది నాకు.

నెలలు నిండేకొద్దీ సరితకు ఎప్పుడూ నీరసం, ఎప్పుడూ నిద్ర. లేపబుద్ధి అయ్యేది కాదు. ఎనిమిదింటికి లేపి, చాయ్ చేతికిచ్చి, ఆ చాయ్‌తోనే థైరాయిడ్ గోలీ, రక్తం పెరగడానికిచ్చిన ఐరన్ గోలీ రెండూ మింగించేదాన్ని. చాయ్‌ని మా ఇళ్లలో ఎవరు తిండి కింద లెక్కేస్తారు? టిఫిన్ తిననంతసేపూ పరగడుపే అనుకున్నాను. అంతవరకు అది తెలియనితనం. దానికి నన్ను నేను ఎప్పుడో క్షమించుకున్నాను.

డాక్టరు చెప్పిన తేదీ దాటి ఐదు రోజులైంది. నొప్పులు రాలేదు. దవాఖానలో సరితను పక్క గదిలో పడుకోబెట్టి కడుపుకు పట్టీ కట్టి బిడ్డ గుండె చప్పుడు చూస్తున్నారు. డాక్టరమ్మ ముందు నేను, నా వియ్యపురాలు కూర్చున్నాం. రక్తపరీక్ష కాగితం చూసి డాక్టరమ్మ ముఖం చిట్లించింది. రెండుసార్లు మందు పెంచినా థైరాయిడ్ దారికి రాలేదట. తన ఇంట్లో ఉన్నన్నాళ్లు కోడలు తెల్లారగానే గోలీ వేసుకునేదని వియ్యపురాలు అందుకుంది.

"పరగడుపున్నే ఇస్తున్నరా? చాయ్ గూడ తాగకముందు?" అని డాక్టరమ్మ నన్ను అడిగింది.

చాయ్ గూడ. చేసిన తప్పేమిటో ఆ క్షణంలోనే పూర్తిగా అర్థమైంది. పక్కన వియ్యపురాలు నా వైపే చూస్తోంది.

"అవ్ మేడం, పరగడుపున్నే ఇస్తున్న."

డాక్టరమ్మ మందు ఇంకాస్త పెంచింది. గుండె చప్పుడు బాగానే ఉంది, రెండు రోజులు చూసి సోమవారం వచ్చి చేరమంది. ఆదివారం మధ్యాహ్నం అన్నం తింటూ సరిత చెయ్యి ఆపి, కడుపులో కదలడం లేదమ్మా అంది. ఆటోలో పోయేసరికే అంతా అయిపోయింది. ఆడపిల్ల. తలనిండా జుట్టు.

నిజం చెప్పి ఉంటే ఆ రోజే చేర్చుకునేవారా? ఏమో. కారణం ఇదీ అని చెప్పలేమని తర్వాత డాక్టరమ్మే అంది. ఆ మాట చాటున నేను చాలా ఏళ్లు దాక్కున్నాను. కానీ వియ్యపురాలి ముందు తలవంపులు ఒక పక్క, నా మనవరాలు ఒక పక్క ఉన్నప్పుడు నేను దేన్ని కాపాడుకున్నాను? దోషం కోడలి ఒంట్లోనే ఉందని అత్తగారింట్లో అన్నప్పుడు, సరిత తల వంచుకుని విన్నప్పుడు, నా నోరు ఎందుకు లేవలేదు? భయం ఒక్క క్షణమే అంటాను. మరి ఆరేళ్లు?

ఇప్పుడు సరితకు మూడేళ్ల కొడుకు. వాడు కడుపులో ఉన్నప్పుడు ఒక నర్సు చెబితే చాయ్ సంగతి ఆమెకు తెలిసింది. నన్ను ఒక్క మాట అనలేదు. మొన్న ఇంటికి వచ్చినప్పుడు, పొద్దున్నే గోలీ వేసుకుని వంటింట్లో నా పక్కన కూర్చుంది.

"అప్పుడు డాక్టరమ్మ ఒక్కసారన్న అడిగుంటే చెప్తుంటి అమ్మ, చాయ్‌తోని ఏసుకుంటున్న అని. ఎవ్వలు అడగకపాయిరి. సదువుకున్నదాన్ని, నాకే సోయి లేకపాయె."

నేను పొయ్యి వైపు తిరిగి, చాయ్ పెట్టనా అన్నాను. గడియారం చూసి, ఇంకో పది నిమిషాలు ఆగమంది.

ఆ పది నిమిషాల్లోనైనా చెప్పాల్సింది. చెప్పలేదు. ఇది చదివి మీరు నన్ను ఏమనుకున్నా సరే, సరితతో అనలేని మాట ఇక్కడ అంటే కాస్త ఊపిరి ఆడుతోంది.

అడిగింది బిడ్డా. నన్ను అడిగింది.