తూకం బెల్టూ, వీరవేణి చెయ్యీ

తెలియని వస్తువు కంటపడితే దాన్ని కిందా మీదా చూడందే వీరవేణికి తోచదు. ఇంట్లోకి కుక్కరు కొన్న రోజున వంట మానేసి, మూత విప్పి, రబ్బరు లాగి, విజిల్ బెజ్జంలోంచి వీధిలోకి చూసిన మనిషి. అలాంటి మనిషి పనిచేసే రొయ్యల ఫ్యాక్టరీకి 2004లో, తనంతట తానే తూకం వేసే బెల్టు వచ్చింది. ఇక చూసుకోండి.

ఆ ఫ్యాక్టరీ భీమవరం రోడ్డులో ఉంది. గడ్డకట్టించిన రొయ్యల్ని ప్యాకెట్లలో పోసి ఓడల మీద పై దేశాలకు పంపుతారు. వీరవేణిది నరసాపురం పక్కన చేపలు పట్టే కుటుంబం. అత్త బుల్లెమ్మతో కలిసి గంప నెత్తిన పెట్టుకుని ఏళ్ల తరబడి వీధివీధీ తిరిగి చేపలమ్మింది. ఫ్యాక్టరీలో చేరాక ముందు ఒలిచే షెడ్డులో వేశారు. పొద్దస్తమానం ఐసు నీళ్లలో చేతులు పెట్టి రొయ్యలు ఒలవడమే పని. వేళ్లు పగిలిపోయి, ఇంటికెళ్లి అన్నంలో పులుసు కలుపుకుంటే కళ్లమ్మట నీళ్లొచ్చేవి. ఈమధ్యే ప్యాకింగుకి మార్చారు. కాంటా మీద గిన్నె పెట్టి అరకిలో తూచడం, ప్యాకెట్లో పోయడం, సీలు వేసేవాళ్లకి అందించడం. చేతికి గ్లవుజులు కూడా ఇస్తారు. ఈ టేబులు దగ్గరే రిటైరవ్వాలని ఆమె ఎన్ని మొక్కులు మొక్కుకుందో లెక్కలేదు.

కొత్త బెల్టుని సీలు వేసే చోటికి అవతల బిగించారు. ప్యాకెట్లు దాని మీద ఆగకుండా నడిచి వెళ్తుంటాయి. బరువు తేడా వచ్చిన ప్యాకెట్టుని పక్కనున్న రేకు చెయ్యి ఒక్క తోపు తోసి డబ్బాలో పడేస్తుంది. తక్కువైనా తోస్తుంది, ఎక్కువైనా తోస్తుంది. వీరవేణి ఒంగి దాని కిందకి తొంగి చూసింది. తక్కెడా లేదు, ముల్లూ లేదు.

“ఆగకుండా ఎలా తూత్తాదండీ ఇది?” అని మెకానిక్ గణేష్‌బాబుని అడిగింది.

“మధ్యలో ఈ ముక్క విడిగా ఉంది చూశావా? కాంటా దీని కింద ఉంది. ప్యాకెట్టు దీని మీద ఉన్న రెప్పపాటులో బరువు పట్టేస్తుంది.”

“రెప్పపాటులోనే! ముల్లు నిలబడేదాకా మా అత్త ఊపిరి కూడా పీల్చుకోదండీ.”

ఈ ముచ్చట ఎన్నాళ్లో సాగలేదు. ప్రతి ప్యాకెట్టు మీదా టేబులు నంబరు స్టిక్కరు ఉంటుంది. డబ్బాలో పడ్డవాటిని తీసి చూస్తే ముప్పాతిక వంతు వీరవేణివే. సూపర్‌వైజర్ లోకనాథ్ మెత్తటి మనిషి, ఎంత కటువైన మాటైనా మెత్తగానే చెబుతాడు.

“వీరవేణమ్మా, మీ ప్యాకెట్లు బరువు ఎక్కువొస్తున్నాయండి. అన్నీ విప్పి మళ్లీ తూచాల్సి వస్తోంది. శనివారం దాకా చూస్తాను. అప్పటికీ ఇలాగే ఉంటే మిమ్మల్ని షెడ్డుకి పంపక తప్పదండి.”

“సరిగ్గా తూసే పోత్తున్నానండీ! మీ బెల్టే నా మీద పగబట్టింది,” అంది వీరవేణి. పైకి అలా అంది గానీ ఐసు నీళ్లు తలుచుకుని గ్లవుజులు ఇంకాస్త పైకి లాక్కుంది.

భయంతో పాటు ఇంకోటి కూడా పట్టుకుంది ఆమెని. కాంటా దగ్గర సరిగ్గా ఉన్న రొయ్యలు బెల్టు దగ్గరికెళ్లేసరికి ఎలా బరువెక్కుతున్నాయి? చెమ్మేమోనని ప్రతి ప్యాకెట్టూ గుడ్డపెట్టి తుడిచింది. అయినా తోసేసింది. కాంటా చెడిపోయిందేమోనని పక్క టేబులు హారతితో కాంటా మార్చుకుంది. హారతివి దర్జాగా వెళ్లిపోయాయి, వీరవేణివి డబ్బాలో పడ్డాయి. చివరికి తోసేసిన ప్యాకెట్లు కొన్ని విప్పి తూచింది. ప్రతిదాంట్లోనూ ఒక్క రొయ్య ఎక్కువుంది.

ఎవరో కావాలనే వేస్తున్నారు! ఆమె అనుమానం గదిలో అందరి మీదా తిరిగి, హారతి మీద కూడా కాసేపు వాలింది. వెంటనే సిగ్గుపడి, “నా టేబులు మీద ఓ కన్నేసి ఉంచవే. ఎవరు వేత్తున్నారో చూడు,” అని ఆ పిల్లనే బతిమాలింది.

హారతి ఎంతోసేపు చూడక్కర్లేకపోయింది.

“అక్కా, ఇప్పుడేం చేశావు?”

“ఏం చేశాను? తూశాను, పోశాను, ఇచ్చాను.”

“పోశాక, ఇచ్చేముందు?”

“మధ్యలో ఏముందే?”

“గుట్టలోంచి ఓ రొయ్య తీసి ప్యాకెట్లో వేశావు. ఇందాకా అంతే, దాని ముందూ అంతే!”

వీరవేణి తన కుడిచేతిని ఎవరిదో అన్నట్టు చూసుకుంది. కొసరు! బేరం ఎంత గీచి గీచి ఆడినా, తూకం ఎంత సరిగ్గా ఉన్నా, కొన్నావిడ సంచిలో పోశాక పైన ఇంకోటి వెయ్యకపోతే అమ్మకం అయినట్టు కాదు. కాపరానికి వచ్చిన కొత్తలో బుల్లెమ్మ నేర్పింది. అప్పుడు పట్టుకున్న అలవాటు గ్లవుజు తొడిగినా వదల్లేదు.

వీరవేణి నవ్వాపుకుంటూ వెళ్లి లోకనాథ్‌కి ఉన్నదున్నట్టు చెప్పేసింది. “అవతల దేశంలో కొనుక్కునే ఆవిడికి ఒకటి ఎక్కువొత్తే సంతోషపడతాది కదండీ?” అని కూడా అడిగింది.

“ఆవిడికి కొసరంటే ఏంటో తెలీదమ్మా. మన లెక్క తప్పిందనుకుంటుంది.”

ఆ ముక్కూమొహం తెలియని ఆవిడ మీద వీరవేణికి నిజంగానే జాలేసింది.

శుక్రవారమంతా చెయ్యిని అదుపులో పెట్టుకోవాలని చూసింది. పళ్లు బిగించింది, పోసిన వెంటనే చెయ్యి వెనక్కి దాచుకుంది. మనసు కాస్త అటు మళ్లిందా, చెయ్యి తన పని తాను చేసేసేది. డబ్బా నిండుతూనే ఉంది. శనివారం పొద్దున్న పనిలోకి దిగుతుండగా ఓ ఆలోచన తట్టింది. కాంటా దగ్గరే ఒక్క రొయ్య తక్కువ తూచింది. పోసింది. చెయ్యి అలవాటుగా వెళ్లి కొసరు తెచ్చి వేసింది. ప్యాకెట్టు రేకు చెయ్యి పక్కనుంచి నిక్షేపంలా వెళ్లిపోయింది. దాని వెనక ఇంకోటీ వెళ్లింది. సాయంత్రానికి లోకనాథ్ డబ్బాలోకి చూసి, “ఇక మీరు ఇక్కడే ఉండండమ్మా,” అన్నాడు. వీరవేణికి కాళ్లు నేల మీద ఆనలేదు.

ఇంటికెళ్లి బుల్లెమ్మకి పూసగుచ్చినట్టు చెప్పింది. బెల్టు ఎలా తూస్తుందో, చెయ్యి ఎలా దొరికిపోయిందో, దాన్నీ బెల్టునీ తను ఎలా ఒప్పించిందో చేతులు తిప్పుతూ చెప్పింది. మెచ్చుకుంటుందని చూసింది.

బుల్లెమ్మ ఆలోచించి, “అయితే అది కొసరెలాగవుద్దే? తక్కువ తూసి, కొసరేసినట్టు చూపించి సరిపెడుతున్నావు,” అంది. “సంతలో అలా చేసేవోళ్లని మనం ఏమనేవోళ్లం?”

వీరవేణి బెల్టు కింద తొంగి చూసింది, కాంటా మార్చి చూసింది, ప్యాకెట్లు విప్పి చూసింది, ఇది మాత్రం చూసుకోలేదు. సిగ్గేసింది. కానీ ఐసు నీళ్లలోకి మళ్లీ వెళ్లే ధైర్యం ఆమెకి లేదు.

సోమవారం పనిలోకి వెళ్లి ఒక రొయ్య తక్కువే తూచింది. పోసి, పైన ఒకటి వేసి, అందించింది. ప్యాకెట్లన్నీ వరసగా బెల్టు మీద సాగిపోయాయి. రేకు చెయ్యి ఒక్కదాన్నైనా పక్కకి తోసేస్తే బాగుండునని అప్పుడే మొదటిసారి ఆమెకి అనిపించింది.