ఒత్తుల్లేని ఎలుగుబంటి

బొమ్మల పుస్తకం లేకుండా బొమ్మల మాస్టారు తరగతిలో అడుగుపెట్టగా చూసినవాళ్లు లేరు. పోనీ ఆయన చెప్పేది ఒకటో తరగతికా అంటే కాదు, మీసాలు మొలుస్తున్న పదో తరగతికి. సైన్సుకు ఎలుగుబంటి. లెక్కలకు చీమల బారు. సోషల్ టీచరు సెలవు పెడితే ఆ పీరియడ్‌కు రాజుగారి కోట. "కోట సరే, రాళ్లు మోసినవాళ్ల బొమ్మ ఏదిరా?" అని అడిగి గంటసేపు వాదులాట పెట్టేవాడు. ఆయన భార్య కూరల సంచీ దులిపితే ఏనుగు బొమ్మల పుస్తకం రాలిపడేదట.

హెడ్మిస్ట్రెస్ మేడమ్‌కు ఇది కొరుకుడుపడలేదు. పబ్లిక్ పరీక్షలు నెత్తిమీదికొస్తున్నాయి.

"మాస్టారూ, పరీక్షలో ఎలుగుబంటి రాదు."

"రాకపోతే దాని ఖర్మ మేడమ్. పాఠం వస్తుందిగా."

"పాఠం పేరు ఘర్షణ. మీరు రాపిడి, రాపిడి అంటున్నారట."

"రాపిడి అయితే నోరు తిరుగుతుందండీ."

"ఇంత పెద్ద పిల్లలకు ఘర్షణ నోరు తిరగదా?"

"తిరుగుతుంది. కాస్త ఆగి."

మేడమ్‌కు నవ్వొచ్చింది, దాన్ని మింగేసి కోపం తెచ్చుకుంది. "రేపు వచ్చి వెనక కూర్చుంటాను. నాకు నచ్చకపోతే మీ ఎలుగుబంటి బీరువాలోకి, తాళంచెవి నా దగ్గరికి."

అన్నట్టే మర్నాడు వచ్చి చివరి బెంచీలో పొడుగమ్మాయి పక్కన కూర్చుంది. ఈ పిల్ల సంవత్సరం మధ్యలో చేరింది. మేడమ్ తెలుగు క్లాసులో చదవమంటే చాలు, దగ్గు తెరలు తెరలుగా వచ్చేది. "వెళ్లి నీళ్లు తాగి రా" అని మేడమ్ పంపడం, ఆ పిల్ల గంట కొట్టాక రావడం మామూలే. జాలిపడి మేడమ్ ఒకసారి దగ్గుమందు కూడా తెచ్చిచ్చింది.

మాస్టారు చేతిలోని పుస్తకాల్లో ఒకటి తెరిచి బెంచీల మధ్యగా నడిచొచ్చాడు. "చివరి బెంచీ, నువ్వు చదువమ్మా."

నీళ్లకు పంపుదామని మేడమ్ నోరు తెరిచింది. దగ్గు రాలేదు.

"ఎలుగు... మంచు మీద... సర్రున జారింది. గడ్డిలో ఆగింది." ఒక్కో అక్షరం కిందా వేలు పెట్టి చదివింది. ఆపైన తనే అడిగింది: "సార్, ఎలుగు ఇంకా లావైతే ముందే ఆగుతుందా, ఇంకా దూరం పోతుందా?"

తరగతి రెండుగా చీలి అరుచుకుంది. జవాబు మేడమ్‌కూ తెలియదు. బెంచీ మీద మాస్టారు పెట్టిన పుస్తకాలు ఊరికే తిరగేసింది. అట్టలు నలిగిన పాతవాటిలో ఎక్కడా ఒక్క ఒత్తు లేదు. ఇవాళ్టిదాంట్లో అక్క, గడ్డి లాంటి ఒత్తులే. ఇంకా తెరవని కొత్తదాంట్లో చక్రం, పర్వతం. తెలుగు టీచరు కదా, దగ్గు ఎందుకొస్తుందో అప్పుడు అర్థమైంది. ఈ ఒక్క పిల్ల తల వంచుకోకుండా అక్షరాలు నేర్చుకోవడానికి మహానుభావుడు పదో తరగతి మొత్తానికి బొమ్మల పుస్తకాలు పట్టించాడు. మేడమ్‌కు ఆయన మీద చెప్పలేనంత ఇష్టం కలిగింది.

మాస్టారు బోర్డు మీద ఒక మాట రాసి వెనక్కి చూశాడు.

"ఘ... ర... ష..." పొడుగమ్మాయి ఆగింది. మేడమ్ ఊపిరి కూడా ఆగింది. "ఘర్షణ."

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. అక్కడ ఏదైనా జరిగిందని తెలిస్తేగా. అందరూ తలలు వంచి ఆ మాట రాసుకున్నారు.

"తాళంచెవి తెచ్చారా మేడమ్?" అన్నాడు మాస్టారు.

జవాబు చెప్పబోతే మేడమ్‌కు దగ్గొచ్చింది. ఆగదే.

పొడుగమ్మాయి మర్యాదగా లేచి దారిచ్చింది. "వెళ్లి నీళ్లు తాగి రండి మేడమ్."