సున్నం గీత

అల్లూరు చుట్టుపక్కల ఎక్కడ కబడ్డీ పోటీలు పెట్టినా, కోర్టుకు సున్నం గీతలు వేసేది ఒక పెద్దాయనే. మైకులో ఆట చెప్పే నాకు మాత్రం ఆయనొక తలనొప్పి. గీతలు వేశాక చెప్పులు విప్పి కోర్టంతా తొక్కి చూస్తే గానీ ఆట మొదలుపెట్టనిచ్చేవాడు కాదు. ఒకసారి ముఖ్య అతిథి స్టేజి మీద చెమటలు తుడుచుకుంటున్నా తొందరపడలేదు. ఇసుకలోంచి ఆలిచిప్ప పెంకు ఏరి జేబులో వేసుకుని, "నా కాలికి గుచ్చుకుంటే ఆడే పిలకాయల కాళ్లు మిగుల్తాయబ్బయ్యా" అన్నాడు.

నిరుడు ఫైనల్లో చివరి కూతకు వెళ్లింది ఆయన తమ్ముడి కొడుకే. పాయింటు తెచ్చాడనుకునేలోపు, కాలు హద్దు గీత దాటిందని అంపైర్ అవుటిచ్చాడు. వాళ్ల ఊరంతా కోర్టు మీదికొచ్చింది. గీతే వంకరైతే మళ్లీ ఆడిస్తానన్నాడు అంపైర్.

"వంకరని ఒక్క మాట చెప్పు పెదనాయనా" అని బతిమాలాడు ఆ కుర్రాడు.

పెద్దాయన నా చేతిలోని మైకు తీసుకున్నాడు.

"గీత నాది. వంకర లేదు. మావోడే దాటినాడు."

మైకు తిరిగిచ్చి, ఇక ఆట లేదని తెలిసీ, వాడి మడమ చెరిపిన చోట పిడికెడు సున్నం పోసి గీత సరిచేశాడు.