అక్కయ్య కార్డుల కట్ట

కందిపప్పు కోసం గంటన్నర డ్రైవ్ చేసే ఆ రోజుల్లో, అమెరికాలో తెలుగు పెద్దవాళ్లు కనపడటం కరివేపాకు దొరకడం కంటే కష్టం. న్యూజెర్సీలో మా అపార్ట్‌మెంట్లన్నిటికీ కలిపి ఒక్కరే పెద్దావిడ, మా అత్తగారు. ఆవిడ ఉండేది పై అంతస్తులో, మా తోడికోడలి ఇంట్లో. ఆ అక్కయ్యంటే నాకు ఒళ్లుమంట. ఆవిడ జడ నా జడకంటే పొడుగు, ఆవిడ సాంబారు నా సాంబారుకంటే రుచి, డ్రైవింగ్ లైసెన్సు ఆవిడకు మొదటిసారికే వచ్చింది. (నాకు నాలుగోసారికి. అదీ వాళ్లు విసిగిపోయి ఇచ్చారని మావారి అభిప్రాయం.)

ఆవిడ కమ్యూనిటీ కాలేజీలో సైకాలజీ క్లాసులో చేరిందని తెలిసి, అదేమిటో తెలియకుండానే నేనూ చేరాను. మొదటి పాఠం మోటివేషన్. ఇష్టమై చేస్తే లోపలి ప్రేరణ, ఏదో దక్కుతుందని చేస్తే బయటి ప్రేరణ అన్నారు మేష్టారు. తోడికోడలి మీద కుళ్లుతో చేస్తే ఏ ప్రేరణో ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. క్లాసులో మొదట నిలిచినవాళ్లకు తన దగ్గర అసిస్టెంటు ఉద్యోగం ఇస్తానన్నారాయన. అది అక్కయ్యకు వస్తే ఇంక నేను ఆ ఇంటి మెట్లెక్కలేననుకున్నాను.

పరీక్షకు రెండు రోజుల ముందు పైకి వెళ్లాను. పదాలూ అర్థాలూ రాసుకున్న అక్కయ్య కార్డుల కట్ట సోఫా మీద ఉంది. ఆవిడ వంటింట్లో ఉంది. కట్ట నా హ్యాండ్‌బ్యాగులోకి వెళ్లిపోయింది. (దానంతటదే వెళ్లినట్టు రాశాను, చూశారా!)

ఆ వెంటనే అత్తగారిని కిందికి, మా ఇంటికి తీసుకొచ్చాను. ఒక పెద్దావిడతో మాట్లాడి రాసుకురమ్మని మాకు హోమ్‌వర్కు. వెనక్కి చూసుకుంటే బతుకు బాగానే గడిచిందనిపించడాన్ని ఇంటెగ్రిటీ అంటారట, అయ్యో అనిపిస్తే నిరాశట.

"అత్తయ్యగారూ, ఇలా చేయకుండా ఉండాల్సింది అనిపించేది ఏమన్నా ఉందాండీ?"

"ఒకటుందమ్మాయ్. మా తోడికోడలి ఆవకాయకి ఇంటిల్లిపాదీ లొట్టలేసేవారు. ఓ ఏడు కుళ్లుకుని ఆవిడ జాడీలో గుప్పెళ్లకొద్దీ ఉప్పు పోశా. ఏడాదంతా ఆ ఉప్పు అందరితోపాటు నేనూ తిన్నా. చెబుదాం చెబుదాం అనుకుంటూనే ఉన్నా, ఈలోపు ఆవిడ పోయింది."

బ్యాగు తీసుకుని పైకి పరిగెత్తాను.

"అక్కయ్యా, నీ కార్డులు నేనే తీశాను."

"తెలుసే. వంటింట్లోంచి చూశా. నాకన్నీ నోటికొచ్చు, నీకు పనికొస్తాయిలే అని ఊరుకున్నా."

ఆ మంచితనానికి నా ఒళ్లు ఇంకా మండింది. అయినా పక్కన కూర్చోబెట్టుకుని ఆవిడే చదివించింది. ఆవిడకు 'ఏ' గ్రేడూ, ఆ ఉద్యోగమూ వచ్చాయి. నాకు 'బీ' వచ్చింది. మెట్లు మాత్రం ఎక్కుతూనే ఉన్నాను.

మొన్న అక్కయ్యా నేనూ కూర్చుని ఉండగా మా మనవరాలు నోట్‌బుక్కు పట్టుకుని వచ్చింది. దాని కాలేజీలోనూ అదే పాఠమట. "నానమ్మా, నీకు లైఫ్‌లో రిగ్రెట్స్ ఉన్నాయా? సీరియస్‌గా చెప్పు, నేను రాస్కోవాలి."

"ఏం లేవు తల్లీ, హాయిగా గడిచింది" అన్నాను. అబద్ధం కాదు.

"ఓకే. పెద్ద నానమ్మ కూడా సేమ్ చెప్పింది. కానీ తను టూ పేజెస్ చెప్పింది."

"అయితే కూర్చో. నాది మూడు పేజీలు."

కార్డుల కట్ట దగ్గర మొదలుపెట్టాను. పక్కన కూర్చున్న అక్కయ్య, నేను మరిచిపోయినవన్నీ అందిస్తూనే ఉంది.