పేరు పెట్టి చేసిన ప్రార్థన

విశ్వాసమ్మ ఆ మాట చెప్పింది ఒక్క ప్రేమజ్యోతికే. ప్రేమజ్యోతి ఆమె భర్త లేవికి సొంత అక్క. బనగానపల్లె దగ్గరి మామిడితోటలో ఇద్దరూ పక్కపక్కన కూర్చుని కాయలు ఏరేవాళ్లు. క్రిస్మస్ తర్వాత తల్లి పోయింది మొదలు కంటి మీద కునుకు లేదనీ, మొన్న తోట బావి గట్టున కూర్చుంటే లోపలికి జారిపోదామనిపించిందనీ, దేవుడి దయవల్ల లేచి వచ్చేశాననీ కాయల పెట్టెలో ఎండుగడ్డి పరుస్తూ చెప్పింది. ప్రేమజ్యోతి కళ్లు తుడుచుకుని, తన సద్దిలో సగం ఆమెకు కలిపి పెట్టింది.

ఆదివారం ఆరాధనలో ప్రార్థన మనవులు అడిగే వేళకు అదే ప్రేమజ్యోతి లేచి నిలబడింది.

"మా మరదలు విశ్వాసమ్మ కోసరం ప్రార్థన చేయండి. బావిలో పడి సావమని సాతాను ఆయమ్మను శోధిస్తాండాడు."

అందరి తలలూ ఇటు తిరిగాయి. విశ్వాసమ్మ ముసుగు ముఖం మీదికి లాక్కుంది. పేరు పెట్టి అడగడం ఆ సంఘంలో వాడుకే. వదిన మనసులో కల్మషం లేదని ఆమెకూ తెలుసు. అందుకే మరీ మండింది. తిట్టడానికి కూడా వీలు లేకుండా పోయింది.

మరునాటినుంచి బిందె ఎత్తితే చాలు, ఎవరో ఒకరు వెంటబడేవాళ్లు.

"యాడికి పోతాండావు?"

"నీళ్లకు."

"ఉత్త నీళ్లకేనా?" అని ఒకామె నవ్వింది.

లేవి అన్నం ముందు కూర్చుని, "నాకు చెప్పకపోతివే" అని ఒక్క మాటే అనేసి లేచి వెళ్లిపోయాడు. తోటలో కాయలు తుడిచే భీమక్క మాత్రం ఏమీ అడగలేదు. రోజూ విశ్వాసమ్మకని నీడలో చోటు పట్టి ఉంచేది, అంతే.

ఊరి నర్సమ్మ చీటీ రాసిస్తే, వదినే ఆమెను ఆసుపత్రిలో కౌన్సిలింగ్ చేసే స్వర్ణలత మేడమ్ దగ్గరికి తీసుకుపోయింది. మొదటిసారి విశ్వాసమ్మ నోరు విప్పలేదు. మేడమ్ బలవంతం చేయలేదు. ఫ్యాను ఆమె వైపు తిప్పి, ఊరికే తోడు కూర్చుంది.

రెండోసారి విశ్వాసమ్మే అడిగింది. "ఈడ చెప్పింది యాడికి పోతాది మేడమ్?"

"ఈ కాయితంలోకి. రాసింది నీకు చదివి వినిపిస్తా. వద్దన్న మాట కొట్టేస్తా. ఒకటి మాత్రం ముందే చెప్తాండా. నీ ప్రాణానికి ముప్పనిపిస్తే నేను ఊరుకోను, ఒకరికి చెప్తా. ఎవరికో నువ్వే చెప్పు. నీకు తెలీకుండా మాత్రం చెప్పను."

"అందరూ అట్లే అంటారు."

"నమ్మకం లేకుంటే ఈ పొద్దుకు చెప్పొద్దులేమ్మా."

విశ్వాసమ్మ గోడ వైపు చూస్తూ అంది. "మా వదిన మీద కోపముండాది మేడమ్. అన్నం పెట్టిన చెయ్యి. కోపమొస్తే పాపమనిపిస్తాది."

"అన్నం పెట్టిందీ నిజమే, నీ మాట బయటపెట్టిందీ నిజమే. రెండూ రాద్దామా?"

"రాయండి. రెండోది ముందు రాయండి."

స్వర్ణలత అట్లాగే రాసి, చదివి వినిపించింది. విశ్వాసమ్మ వెక్కి వెక్కి ఏడ్చింది. ఏడుపు తగ్గాక, ముప్పొస్తే మేడమ్ చెప్పాల్సిన ఆ ఒకరి పేరు చెప్పింది. లేవి కాదు, పాస్టరయ్య కాదు. భీమక్క.

బయట బెంచీ మీద ప్రేమజ్యోతి రొట్టె, అరటిపండ్లు పట్టుకుని కాచుకుని ఉంది.

"ఏం చెప్పినావే? మేడమేమనె? ఆదివారం సంఘంలో కృతజ్ఞత చెప్పల్ల గదా!"

"వద్దు వదినా. నా పేరు యాడా ఎత్తొద్దు."

"ప్రార్థన గూడా వద్దంటావా?"

"చెయ్యి. మీ ఇంట్లో, మనసులో చెయ్యి."

ప్రేమజ్యోతి ముఖం చిన్నబోయింది. "నేనేం పరాయిదాన్నా విశ్వాసూ?"

బస్సులో ఇద్దరూ ఒకే సీట్లో కూర్చున్నారు. ఎప్పుడూ వదిన భుజం మీద తల వాల్చే విశ్వాసమ్మ, ఆ పూట ముందు సీటు కమ్మీ పట్టుకుని ఊరు వచ్చేదాకా నిటారుగా కూర్చుంది.