సగటుకు చిక్కని పురుగు

అరవయ్యో దశకం చివర నాకు రైతులకు కొత్త సేద్యం నేర్పే గ్రామసేవకుడి ఉద్యోగం వచ్చింది. విజయనగరం బస్సు దిగి రెండు మైళ్లు నడిస్తే నన్ను వేసిన ఊరు. చదివిన చదువు ఒంటబట్టిందో లేదో గానీ తలకు మాత్రం బాగానే ఎక్కింది.

ఆ ఊళ్లో ఒంటరిగా ఉండే ఒక పెద్దావిడకు ఒకటే వరిమడి. ఏడాది తిండి అందులోంచే రావాలి. ఆవిణ్ని బతిమాలి, ఆ మడిలోనే రోడ్డు పక్క ముక్కలో కొత్త ఎరువు నా చేత్తోనే చల్లాను. చల్లమన్నదానికన్నా ఎక్కువే చల్లాను. దారిన పోయేవాళ్లు ఆగి చూడాలని నా ఆశ. పైరు నిజంగానే నల్లగా నిగనిగలాడింది. రోజూ సైకిలు ఆపి చూసుకుని మురిసిపోయేవాణ్ని.

నెల తిరక్కుండా ఆకుముడత పట్టిందని ఆవిడ కబురు పెట్టింది. ఆకును చుట్టుకుని లోపల కూర్చుని పచ్చదనమంతా గీకి తినే పురుగు అది. పుస్తకంలో ఉన్నట్టే మడంతా తిరిగి, ఇరవై చోట్ల దుబ్బుల్లో ముడుచుకున్న ఆకులు లెక్కపెట్టి, కూడి, భాగించాను. సగటున భయం లేదని తీర్పు చెప్పాను.

ఆవిడ నా కాగితం వంక చూడనైనా లేదు.

"ఆ సగటేదో పురుగుకి సెప్పు బాబూ" అని చీర ఎగ్గట్టి మడిలో దిగింది. నన్నూ దిగమంది.

రోడ్డు పక్క ముక్కలో పైరు విడదీసి చూపించింది. ముడుచుకోని ఆకు కోసం వెతుక్కోవాలి. నాలుగు బారలు ఇవతలకు వస్తే దుబ్బుకు ఒకటి. ఆ చివరన అసలు లేదు. ఇక్కడి పెద్ద అంకెల్ని అక్కడి సున్నాలు మింగేశాయన్నమాట. పురుగు మడంతా సమానంగా సర్దుకుని కూర్చోదు, మెత్తటి ఆకు ఎక్కడుంటే అక్కడే కాపురం పెడుతుంది. ఎరువు ఎక్కువ చల్లి, ఆకు మెత్తబడేలా చేసి, ఆ కాపురం పెట్టించింది నేనే. ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియక, తప్పు నాదేనని చెప్పేశాను.

"తెలిసే పిలిసాను. ముందు ఆ రేగుకంప అట్టుకు రా" అంది.

తాడు మధ్యన కంప కట్టి, ఆవిడ ఒక గట్టున, నేనొక గట్టున నిలబడి ఆ ముక్క మీదుగా ఈడ్చాం. ముడతలు చిరిగి పురుగులు నీళ్లలో రాలాయి. కొంగలు పిలవని పేరంటానికి వచ్చేశాయి. మూడు రోజులు అదే పని. నా అరచేతులు బొబ్బలెక్కితే ఆవిడ పడీపడీ నవ్వింది. పురుగు మాత్రం మిగతా పైరు మీదికి దాటలేదు.

కోతల్లో నా ముక్కకు గడ్డి బోలెడు వచ్చింది, గింజలన్నీ తాలు. మిగతా మడి బాగా పండింది. కొత్త బియ్యం వండిన రోజు ఆవిడ నన్ను పిలిచి విస్తరి వేసింది.

"నీ ముక్క ఆవుకి. మిగిలింది నాకు ఏడాదికి సాల్తాది. తిను."

నాకు సిగ్గూ ఆకలీ ఒక్కసారే వేశాయి. మూడుసార్లు మారు వడ్డించుకున్నాను.