ఆషాఢంలో కుదిర్చిన ఆపరేషన్

నా గర్భసంచి తీయించడానికి మా అత్త ఆషాఢ మాసం ఖాయం చేసింది. ప్రొద్దుటూరులో మాది బంగారం అంగడి. ఆషాఢంలో పెళ్ళిళ్ళుండవు, గిరాకీ ఉండదు, కోడలు మంచం పట్టినా వ్యాపారానికి నష్టం లేదు. శ్రావణానికి నేను మళ్ళీ గల్లాపెట్టె దగ్గర కూర్చోవాలని ఆమె లెక్క.

అప్పటికి ఏడాదిగా నెలసరి వచ్చిందంటే నాకు నరకం. రక్తం గడ్డలు గడ్డలుగా పోయేది. అంగట్లో నలుగురి ముందు లేచి నిలబడాలంటే భయం. మేడ మెట్లెక్కితే ఆయాసం. స్కానింగ్ చూసిన డాక్టరు, గర్భసంచిలో ఫైబ్రాయిడ్ గడ్డ ఉంది, సంచి తీసేస్తే పీడా పోతుందని రెండు మాటల్లో తేల్చేశాడు.

"గడ్డంటే ఊరికే పోతాదా? రేపు క్యాన్సరయితే యాడికని పరిగెత్తాల? ఇద్దరు పిల్లోల్లు ఉండారు. ఇంక ఆ సంచితో ఏం పని?" అంది అత్త. మా ఆయన తలూపాడు. వాళ్ళమ్మ మాట్లాడితే ఆయన చేసే పని అదొక్కటే.

నాకు ఒళ్ళు మండింది. "పాత గాజులు తెస్తే గీటురాయి మీద గీసి చూడందే మనం ధర చెప్పం. నా కడుపులోది మాత్రం ఒకరు చెప్తానే తీసేయాల్నా అత్తా? ఇంకొకరికి చూపిస్తా. వాళ్ళూ తీయాలంటే నోరు మూసుకోని తీయించుకుంటా."

"నువ్వు పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు" అంది అత్త. అయినా పులివెందులకు నాతోపాటే బస్సెక్కింది. నేను అక్కడ ఏం ఒప్పుకొని వస్తానోనని ఆమె బెంగ.

అక్కడి డాక్టరమ్మ మళ్ళీ స్కాన్ చేసి, కాగితం మీద గర్భసంచి బొమ్మ గీసింది. ఇది సంచి కండలోనే పెరిగే గడ్డ, క్యాన్సర్ కాదు, అలా మారడం చాలా అరుదు అంది. బయటివైపు పెరిగితే కొందరికి ఉన్నట్టే తెలియదట. నాది లోపలివైపుకు పొడుచుకొచ్చింది కాబట్టే అంత రక్తం. పొట్ట కోయకుండా, కింది నుంచే సన్నటి కెమెరా గొట్టం పంపి గడ్డ ఒక్కటే తీయొచ్చు. ముందు ఒంట్లో రక్తం పెరగాలి.

"మళ్ళా వస్తే?" అని అడిగాను.

"రావచ్చు. వస్తే అప్పుడు చూస్తాం. కొందరికి సంచి తీయక తప్పదు. నీకిప్పుడు ఆ అవసరం లేదు."

రాదని బొంకలేదు చూడండి, అక్కడే నాకు నమ్మకం కుదిరింది. ఐరన్ సూదులు వేయించుకున్నాను. రక్తం పెరిగేసరికి ఆషాఢం కాస్తా దాటిపోయింది. శ్రావణంలో, అంగడి కిటకిటలాడుతుంటే, నేను గడ్డ ఒక్కటే తీయించుకొని ఆస్పత్రిలో హాయిగా పడుకున్నాను. గల్లా దగ్గర మా ఆయన నానా తిప్పలు పడ్డాడట. పడనీ.

తర్వాత నెలసరి మామూలుగా వచ్చింది, మామూలుగా పోయింది. ఇంత సంతోషం దేనికీ పడలేదు నేను.

ఒక మధ్యాహ్నం అత్త, నేను చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్నాం. అత్తకు ముప్పై నిండకముందే జమ్మలమడుగులో గడ్డ ఉందని సంచి తీసేశారు. ఆ ముచ్చట ఆమె ఎప్పుడూ ఎత్తదు. ఆ రోజు తల వంచుకునే అడిగింది.

"ఏమ్మే, నా గడ్డ యాడుండిందో? లోపలా, బయటా?"

"డాక్టరు చెప్పలేదా అత్తా?"

"నేను అడగల్యా. అడగొచ్చని నాకు ఎవురూ చెప్పల్యా."